భుజం డ్యూటీ

జూలై 4, సాయంత్రం

ఈ దినం ఉదయం మా పోలీసు స్టేషన్‌లో అత్యవసర సమావేశం జరిగింది. స్టేషన్ అనగా ప్లైవుడ్ గోడలు, ఒక లాకప్, ఎటూ దారితీయని రెండు తలుపులు, పైకప్పు ఉండవలసిన చోట లైట్లు. ఈ స్టేషన్‌కు దొరకని హంతకుడు ఇంతవరకు పుట్టలేదు. వారానికి ఒకణ్ణి చొప్పున, ప్రకటనల మధ్య దొరికిన కాస్త వ్యవధిలోనే పట్టుకుంటూ వస్తున్నాం.

హాజరైనవారు: ఇన్‌స్పెక్టర్ వేషం వేసే పెద్దాయన, ఎస్సై వేషం వేసే మేడమ్, శవపరీక్షలు చేసే డాక్టరు, హెడ్ కానిస్టేబుల్‌నైన నేను. మాకు సొంత పేర్లు కూడా ఉన్నాయి. సెట్‌లో వాటి అవసరం ఎన్నడూ పడలేదు.

డైరెక్టర్ చెప్పిన విషయం సంగ్రహంగా ఇది. ఛానల్‌వారు మా టీమ్ స్పిరిట్ చూసి మిక్కిలి సంతోషించారు. ఇంత ఐకమత్యంగా ఉండే నలుగురిలో ఒకరు చచ్చిపోతే జనం తట్టుకోలేరని వారికి తోచింది. కనుక ఒకరిని చంపమన్నారు. ఎవరినన్నది ఇంకా నిర్ణయించలేదు. సంగతి బయటికి పొక్కకుండా నలుగురి చావులూ తీస్తారు. ఎడిటింగ్‌లో ఏది బాగుంటే అది ఉంచుతారు.

పెద్దాయన గొంతు సవరించుకుని, సీరియల్ పేరే నా పాత్ర పేరు గదయ్యా, నన్ను చంపి పేరేం పెట్టుకుంటారు అని అడిగారు. మేడమ్ ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగి, పేరుదేముంది, బోర్డు మార్చుకుంటే సరిపోతుందని ఆయనకి చెప్పండి కానిస్టేబుల్ గారూ అన్నారు. నేను చెప్పాను. నేను చెప్పకముందే ఆయన విన్నారు, అయినా చెప్పేదాకా విననట్టే కూర్చున్నారు. పద్ధతి పద్ధతే.

డాక్టరు, రోజూ శవాల పక్కనే ఉండేవాణ్ణి, నన్ను శవం చేస్తే కొత్తేముంది, జనం గమనించరు కూడా అన్నాడు.

నా పాత్రకు ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒక్కటే డైలాగ్. సార్, మీరొకసారి ఇది చూడాలి. దీనితో ప్రాణభిక్ష అడగడం సాధ్యం కాదు.

నా వయసులో, నా ముఖంతో, ఇంకో సీరియల్‌వారి గుమ్మం ముందు నిలబడితే లోపలికి రానిచ్చేవారు లేరు. బస్సులో జనం నాకు సీటు ఇస్తారు, పోయిన సైకిళ్ల గురించి ఫిర్యాదు చేస్తారు. కానిస్టేబుల్ పోతే మిగిలేది ఎవరో, ఎంత ఆలోచించినా వెంటనే గుర్తుకు రావడం లేదు.

జూలై 5

నా రెండో ఉద్యోగం గురించి రాసుకోవలసి ఉంది. ఇది ఎక్కడా, ఇంట్లో కూడా చెప్పనని ఇద్దరికి మాటిచ్చాను. డైరీ మనిషి కాదు గనుక మాట తప్పినట్టు కాదు.

పెద్దాయనకూ మేడమ్‌కూ మాటల్లేవు. చాలా ఏళ్ల కిందట, సీరియల్ మొదలైన కొత్తలో, ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన, ఆ అమ్మాయికి ఏడవడం నేర్పింది నేనే అన్నారు. మరుసటి వారం వేరొక ఇంటర్వ్యూలో మేడమ్, ఆయన నటన చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది, ఒకరు నేర్పాలా అన్నారు. ఆనాటి నుంచి ఇద్దరూ కలిసి కెమెరా ముందు నిలబడలేదు. మీటింగులకు మాత్రం తప్పక వస్తారు. వచ్చి చెరొక గోడనూ చూస్తారు.

అయితే ఈ సీరియల్ బతికేదే వారిద్దరి చూపుల మీద. హంతకుడు అబద్ధం చెప్పగానే ఇన్‌స్పెక్టర్ ఎస్సైని చూడాలి, ఎస్సై ఇన్‌స్పెక్టర్‌ను చూడాలి, ఇద్దరికీ ఒకేసారి నిజం తట్టాలి. దీనికి డైరెక్టర్ ఒక ఏర్పాటు చేశారు. పెద్దాయన క్లోజప్ తీసేటప్పుడు మేడమ్ కారవాన్‌లో ఉంటారు. ఆవిడ ఖాకీ చొక్కా తొడుక్కుని, సవరంతో ముడి పెట్టుకుని, కెమెరాకు వీపు చూపిస్తూ ఆయన ఎదుట నేను నిలబడతాను. మేడమ్ క్లోజప్ అప్పుడు పెద్దాయన కారవాన్‌కు వెళతారు, ఆయన లెదర్ కోటు నా మీదికి వస్తుంది. కెమెరా నా భుజం మీదుగా వారి ముఖాలు చూస్తుంది. ఆవిడ ఎత్తుకు మోకాళ్లు వంచుతాను. ఆయన ఎత్తుకు పీట ఎక్కుతాను. నా సొంత ఎత్తులో నిలబడేది కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడే, అప్పుడు కెమెరా నా వైపు ఉండదు.

యూనిట్‌లో దీన్ని భుజం డ్యూటీ అంటారు.

ఆ ఇద్దరూ కళ్లతోనే మాట్లాడుకుంటారని జనం మెచ్చుకుంటారు. నిజమే. ఆ కళ్లు ఇన్నేళ్లూ మాట్లాడింది నాతో. పెద్దాయన కళ్లు లంచ్ బ్రేక్ ఎప్పుడని అడుగుతాయి. మేడమ్ కళ్లు, ఇంకా ఎన్ని షాట్లున్నాయి కానిస్టేబుల్ గారూ అని అడుగుతాయి. నేను రెప్ప వాల్చకుండా సమాధానం చెబుతాను. దాన్నే టీమ్‌వర్క్ అని ఛానల్‌వారు పోస్టర్ మీద వేశారు.

జూలై 9

మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడకు చూపు మందగించింది. వినికిడి ఆవిడ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఆవిడ కుర్చీ వీధి గుమ్మం పక్కనే. నేను పనికి బయల్దేరితే వీధి మలుపు తిరిగేదాకా చూస్తారు. నేను పోలీసు ఉద్యోగంలో ఉన్నానని ఆవిడ విశ్వాసం.

అమ్మా, అదంతా నాటకమే అని మా ఆవిడ చెప్పి చూసింది. నాటకమైతే అల్లుడుగారికి మోకాళ్లు నిజంగా ఎందుకు నొప్పెడతాయే అని అత్తగారు అడిగారట. మా ఆవిడ దగ్గర సమాధానం లేదు. నా దగ్గర ఉంది, చెప్పకూడదు.

ఎపిసోడ్ వచ్చే సాయంత్రం నేనెప్పుడూ సెట్‌లోనే ఉంటాను. అక్కడ తర్వాతి వారం హంతకుణ్ణి పట్టుకునే పని ఉంటుంది. ఇంట్లో జరిగేది మా ఆవిడ చెబుతుంది. చివరి సీన్‌లో టీమ్ స్టేషన్‌కు తిరిగివచ్చి, ఇన్‌స్పెక్టర్, ఎస్సై ఒకరినొకరు తృప్తిగా చూసుకునేదాకా అత్తగారు కుర్చీలోంచి లేవరట. అల్లుడుగారు క్షేమంగా వచ్చేశారు అని తనకు తానే చెప్పుకుని, అప్పుడు వెళ్లి పడుకుంటారట.

మా ఆవిడకు బెంగ పట్టుకుంది. అమ్మ కళ్లు మరీ పాడయ్యాయండీ, ఆ ఇన్‌స్పెక్టర్ అటు తిరిగి నిలబడితే అడుగో అల్లుడుగారు అంటుంది, పోనీ అది సరే, పోయిన వారమైతే ఆ ఎస్సైని చూపించి అల్లుడుగారు కాస్త పొట్టయ్యారేమే అంది, కళ్ల డాక్టరుకి చూపించాలి అని చెప్పింది. నేను సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూ, చూపించాల్సిందే అన్నాను.

చావు సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జూలై 13

మేకప్ రూమ్‌లో టీమ్ రహస్య సమావేశం. ఏర్పాటు చేసినవాడు డాక్టరు. అజెండా: ప్రాణరక్షణ.

పెద్దాయన గుమ్మం లోపల కూర్చున్నారు. ఆయన ఉన్న గదిలోకి రానని మేడమ్ గుమ్మం బయట కుర్చీ వేసుకున్నారు. తలుపు ఓరగా వేసి, ఆ సందులో నేను నిలబడి ఇటు మాట అటు చేరవేశాను. డాక్టరు ప్రతిపాదించినది ఏమనగా, నలుగురం కలిసి ఛానల్‌వారి దగ్గరికి వెళ్లి, ఒకరు పోతే నలుగురమూ పోతాం అని చెప్పాలి. పెద్దాయన, ఇది మగాడి మాట అన్నారు. మగాడి మాటకి నేనెందుకు వస్తానో అడగండి అని మేడమ్ గుమ్మం బయట నుంచి అన్నారు. అడిగాను. పెద్దాయన కాసేపు ఆలోచించి, మనుషుల మాట అని దిద్దుకున్నారు. ఏకగ్రీవంగా ఆమోదించాం. డాక్టరు నలుగురి చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టించాడు. మేడమ్ చెయ్యి తలుపు సందులోంచి వచ్చింది. పెద్దాయన చేతికి ఆవిడ చేతికి మధ్య నాది ఉంది.

జూలై 14

ఉదయం మా కథలు రాసే రైటరు గది ముందు వరండాలో డాక్టరు ఎదురయ్యాడు. ఊరికే పలకరించడానికి వచ్చానన్నాడు. చేతిలో పళ్లబుట్ట ఉంది. గదిలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. కారవాన్ పక్కనుంచి మేడమ్ అసిస్టెంట్, మేడమ్ వంతు ఎప్పుడొస్తుందో కనుక్కుని రమ్మన్నారండీ అంటూ వచ్చింది.

నేను కూడా అక్కడికి వెళ్లబట్టే వీరంతా నాకు కనిపించారు. నా చేతిలో బిస్కెట్ల ప్యాకెట్ ఉంది.

నలుగురమూ పోతాం అన్న మాట అక్షరాలా నెరవేరింది. నలుగురమూ పోయాం, రైటరు గదికి.

జూలై 16

రైటరు డాక్టరుని పక్కకు పిలిచి షుగర్ ఎలా ఉందని అడిగాడు.

జూలై 17

పై వాక్యానికి వివరణ. మా రైటరు మెత్తని మనిషి. ఎవరి పాత్రను చంపబోతున్నాడో వారి ఆరోగ్యం గురించి ముందుగా వాకబు చేస్తాడు. క్రితం ఏడాది కమిషనర్ వేషం వేసినాయనను నిద్ర బాగా పడుతోందా అని అడిగాడు. తర్వాతి వారం కమిషనర్ కారు లోయలో పడింది. కనుక డాక్టరు నిన్నటి నుంచి తిండి మానేశాడు.

నాకు చిన్న సంతోషం కలిగింది. సంతోషం కలిగినందుకు విచారం కూడా కలిగింది. రెండూ కలిపి టీ తాగాను.

సాయంత్రం రైటరు మేడమ్‌ను థైరాయిడ్ గురించి, పెద్దాయనను మోచిప్పల గురించి అడిగాడు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నా ముఖం చూసి నీళ్లు నమిలాడు. ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. ఇది శుభసూచకమా, నా ఆరోగ్యం అడగదగినంతది కాదనా, తెలియలేదు.

జూలై 20

మా ఆవిడకు చెప్పాను.

ఆవిడ కూర తరుగుతూనే వింది. మీరు తెర మీద ఉన్నప్పుడే ఉన్నట్టుండరు, పోతే మాత్రం ఎవరికి తెలుస్తుందండీ అంది. తర్వాత కత్తిపీట పక్కన పెట్టింది. వీధి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించి, అమ్మకి తెలుస్తుంది అంది.

ఆ రోజు టీవీ పాడైందని చెబుదామా అన్నాను. పాడైతే పక్కింట్లో చూస్తుంది, పక్కింటివాళ్లు మీ అల్లుడు పోయాడమ్మా అని వాళ్లే చెబుతారు, అది ఇంకా నయమా అంది. ఇన్నేళ్ల అనుభవంలో ఇంత పకడ్బందీ వాదన మా స్టేషన్‌లో ఎవరి నోటా వినలేదు.

జూలై 29

చిత్రీకరణ మొదలు. సంఘటనా స్థలం: ఊరి చివర పాడుబడిన గోడౌన్. కథ ఏమనగా, హంతకుడు చీకట్లోంచి కాలుస్తాడు, టీమ్‌లో ఒకరు నేలకూలతారు, మిగిలినవారు చుట్టూ మోకరిల్లుతారు, ఇన్‌స్పెక్టర్, ఎస్సై ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపుతో ఎపిసోడ్ ముగియాలి.

మొదటి చావు డాక్టరుది. శవపరీక్ష డాక్టరుకు గోడౌన్‌లో ఏం పని అని అతడే అడిగాడు. ఎమోషన్ అని డైరెక్టర్ జవాబిచ్చారు. డాక్టరు నీరసం వల్ల నిజమైన శవంలా పడి ఉన్నాడు. పెద్దాయన సవరం ముడితో ఉన్న నన్ను చూసి పళ్లు కొరికారు. మేడమ్ లెదర్ కోటులో ఉన్న నన్ను చూసి కళ్లు తుడుచుకున్నారు. చావు ఒక మోస్తరుగా వచ్చింది.

జూలై 30

మేడమ్ చావు. ఇన్‌స్పెక్టర్ ఒడిలో తల పెట్టుకుని పోవాలి. ఆ ఒడి నాది. మేడమ్ నా ముఖంలోకి చూస్తూ, సార్, మీరు నాకు తండ్రిలాంటివారు అని చనిపోయారు. కట్ చెప్పగానే కళ్లు తెరిచి, ఈ మాట ఆయనకి మాత్రం చేరవేయకండి కానిస్టేబుల్ గారూ అన్నారు.

తర్వాత పెద్దాయన ఒడిలో నేను మేడమ్‌నై పోయాను. మీరు బరువున్నారయ్యా అన్నారు.

జూలై 31

పెద్దాయన చావు. పొద్దున మొదలుపెట్టి పొద్దు వాలేదాకా పోయారు. ప్రతి టేక్‌కూ ఒక చివరి కోరిక కలిసింది. ఆయన కోటు తొడుక్కుని ఆయన శవాన్నై నేను పడుకుంటే మేడమ్ నా మీద పడి ఏడవాలి. గ్లిజరిన్ అయిపోయిందని కబురు వచ్చింది. మేడమ్, ఆయన పోయినందుకు నాకు గ్లిజరిన్ లేకుండా రాదు, రేపు చూద్దాం అన్నారు.

రేపు నాది.

ఆగస్టు 1, రాత్రి భోజనానికి ముందు

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చొక్కా మీద రక్తం పోశారు. తేనె, రంగు కలిపిన రక్తం. చీమలు వెంటనే స్పందించాయి. నేలకూలాను. పెద్దాయన క్లోజప్ అన్నారు. ఎదుట మేడమ్ భుజం కావాలి. అప్పుడు యూనిట్ మొత్తం ఒకేసారి నా వైపు చూసింది.

భుజం చచ్చిపోయి ఉంది.

ఇన్ని రోజుల ప్లానింగ్‌లో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. హంతకుల ఆనవాళ్లు పసిగట్టే స్టేషన్‌వాళ్లం, మాకు కూడా తట్టలేదు. నేను కింద ఉండాలి, లేకపోతే చావు లేదు. నేను పైన ఉండాలి, లేకపోతే చూపు లేదు.

ఒక జూనియర్ ఆర్టిస్టును తెచ్చి ఖాకీ చొక్కా తొడిగారు. పెద్దాయన ఒక్క నిమిషం చూసి, ఈయన కళ్లు నిలకడగా లేవు, నా వల్ల కాదు అన్నారు. మేడమ్‌ను తెచ్చి, అదే మనిషికి లెదర్ కోటు తొడిగారు. ఇలా భుజాలు గూట్లో పెట్టుకున్నట్టు నిలబడితే నాకు ఏడుపెలా వస్తుందండీ అన్నారు. నేను కిందినుంచి, ఎడమ భుజం కాస్త దించు నాయనా అని సలహా ఇచ్చాను. శవం మాట్లాడకూడదని డైరెక్టర్ మందలించారు.

గోడౌన్ కిటికీలోంచి వచ్చే ఎండ జారిపోతోంది. డైరెక్టర్ టోపీ తీసి నేలకేసి కొట్టారు. చివరికి, ఇద్దరూ వచ్చి ఆయనకి చెరోవైపు కూర్చోండి, చూసుకుంటే చూసుకోండి లేకపోతే మానేయండి, నాకు ఒక్క షాట్ కావాలి అన్నారు. ఇంతకాలంలో ఆయన గొంతు పెంచడం ఇదే మొదటిసారి.

ఇద్దరూ వచ్చారు. పెద్దాయన కుడివైపు మోకరిల్లారు. మోచిప్పల చప్పుడు నాకు వినిపించింది. మేడమ్ ఎడమవైపు కూర్చున్నారు. పెద్దాయన చెయ్యి నా ఛాతీ మీద పెట్టారు. యాక్షన్ అన్నారు. ఎవరూ కదలలేదు. నేను ఒక కన్ను గింజంత తెరిచి చూశాను.

రాసి ఉన్న డైలాగ్ ఇది. ఇన్‌స్పెక్టర్, ఈ రక్తానికి జవాబు చెప్పిస్తాం అనాలి. ఎస్సై, తప్పకుండా సార్ అనాలి. పెద్దాయన తలెత్తి ఆవిడను చూశారు. ఆ కళ్లను నేను ఇన్నేళ్లు చూశాను, అవి లంచ్ గురించి తప్ప వేరేది అడగగా చూడలేదు. ఇప్పుడు ఆ ఊసే లేదు. డైలాగ్ మరిచిపోయారు.

మేడమ్ మెల్లగా, మీకింత వయసొచ్చిందని నాకు తెలియదు సార్ అన్నారు.

ఎదురుగా నిలబడితే గదమ్మా తెలియడానికి అన్నారు పెద్దాయన.

ఇక మధ్యలో ఎవరూ లేరు అన్నారావిడ. ఆయన తల ఊపారు. ఇద్దరి కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లిజరిన్ ఇంకా ఊర్లోంచి రానేలేదు. డైరెక్టర్ కట్ చెప్పలేదు. కెమెరామెన్ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. నా చచ్చిన కంటిలోంచి కూడా ఒక చుక్క జారింది. రక్తంలో కలిసిపోయింది గనుక కంటిన్యూటీకి ఇబ్బంది కలగలేదు.

అక్కడే, పడుకున్నచోటే, నాకు అర్థమైంది. మిగతా మూడు చావులూ వృథా. పనికొచ్చిన చావు నాది. విచారణ ముగిసింది.

తర్వాత వారిద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగారు. చక్కెర సరిపోయిందా సార్ అని మేడమ్ అడిగారు. నేరుగా అడిగారు. నేను అలవాటు కొద్దీ ఆ మాట చేరవేయడానికి సగం దూరం వెళ్లి, రక్తం మరకలతో, చీమలతో, వెనక్కి తిరిగివచ్చాను.

ఆగస్టు 9

రైటరు ఫోన్ చేశాడు. బీపీ ఎలా ఉందండీ అన్నాడు.

ఆగస్టు 10

బీపీ పెరిగింది.

ఆగస్టు 14

సెట్‌కు రానక్కరలేదన్నారు. అయినా ఉదయం చొక్కా వేసుకుని బయల్దేరాను. అత్తగారు గుమ్మం పక్క కుర్చీలోంచి, జాగ్రత్త నాయనా, దొంగవెధవలు పెరిగిపోయారు అన్నారు. వీధి మలుపు తిరిగి, పార్కులో కూర్చుని, సాయంత్రం డ్యూటీ దిగే వేళకు ఇల్లు చేరాను. పార్కులో ఒకాయన గుర్తుపట్టి, ఈ వారం ఎవణ్ణి పట్టుకుంటున్నారు సార్ అని అడిగాడు. అది విచారణలో ఉందన్నాను.

ఆగస్టు 22, ఎపిసోడ్ తర్వాత

మొదటిసారిగా ప్రసార సమయాన ఇంట్లో ఉన్నాను. అత్తగారి కుర్చీని టీవీ ముందుకు జరిపాను. ఆవిడ పక్కనే నేను. గోడౌన్ సీన్ రాగానే టీవీకి అడ్డంగా నిలబడి ఇల్లు తుడవాలని మా ఆవిడ పథకం. చీపురు సిద్ధంగా ఉంచుకుంది.

గోడౌన్ వచ్చింది. మా ఆవిడ అడ్డం నిలబడింది. ఇప్పుడేం తుడుపే, పక్కకి జరుగు అని అత్తగారు కసిరారు. మా ఆవిడ జరగలేదు. నీ తలకాయ అద్దమనుకున్నావా అన్నారు. జరిగింది.

తుపాకీ పేలింది. కానిస్టేబుల్ నేలకూలాడు. అత్తగారి చెయ్యి పట్టుకుందామని చెయ్యి చాపాను.

అత్తగారు ముందుకు వంగి, కళ్లు చికిలించి చూశారు. అయ్యో పాపం, ఎవరో పెద్దమనిషి, ఇంట్లోవాళ్లు ఎలా తట్టుకుంటారో ఏమో అన్నారు.

మా ఆవిడ చీపురు పట్టుకుని నా ముఖం చూసింది. నేను టీవీలో నా ముఖం చూశాను. ఇన్నేళ్లలో కానిస్టేబుల్‌ని అత్తగారు ఒక్కసారి కూడా గుర్తుపట్టలేదు.

తెర మీద ఇద్దరూ నా శవం మీదుగా ఒకరినొకరు చూసుకున్నారు. ఎపిసోడ్ అయిపోయింది. పేర్లు పైకి పోతున్నాయి. అత్తగారు లేవలేదు. అల్లుడుగారు రాలేదేమే అన్నారు. మా ఆవిడ, ఇదిగోనమ్మా, నీ పక్కనే కూర్చున్నారు గదా అంది. అత్తగారు నా చెయ్యి తడిమి, ఇక్కడున్నారు సరే, స్టేషన్‌లో కనబడలేదేం అని, కాస్త ఆగి, ఉద్యోగం పోయిందా నాయనా అని అడిగారు.

టీవీ కట్టేద్దామని లేచి, ఆవిడకు వీపు పెట్టి నిలబడ్డాను. స్విచ్ మీద వేలు ఉంచాను, నొక్కలేదు.

వెనకనుంచి అత్తగారు, అడుగో, వచ్చేశారు అన్నారు. లేచి, గోడ పట్టుకుంటూ వెళ్లి పడుకున్నారు.

నేను ఇటు తిరగబోతే మా ఆవిడ తిరగొద్దంది. చాలాసేపు నా వీపు చూసింది. ఆ ఇన్‌స్పెక్టర్ వెనకవైపు మీరేనా అంది. అవునన్నాను. ఎన్నాళ్లనుంచి అంది. మొదటి నుంచీ అన్నాను. ఆ ఎస్సై కూడానా అంది. మోకాళ్లు వంచి అన్నాను. కుర్చీలో కూలబడిన చప్పుడు, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న నవ్వు వెనకనుంచి వినిపించాయి. ఆ నవ్వు చివర్న ఏడ్చిందేమో కూడా, నాకు వీపు వైపు తెలియలేదు.

కళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్ రద్దయింది.

ఆగస్టు 30

ఛానల్‌వారు పెద్దాయనను, మేడమ్‌ను పక్కపక్కన కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశారు. ఆ చూపు ఎలా సాధ్యమైందని యాంకర్ అడిగింది. పెద్దాయన చిరునవ్వుతో, ఆ ఏడుపు కూడా నేను నేర్పిందే అన్నారు.

మేడమ్ చెప్పిన జవాబును ఛానల్‌వారు ప్రసారం చేయలేదు.

సెప్టెంబర్ 2

డైరెక్టర్ ఫోన్. క్షేమసమాచారాలు అడగలేదు. రైటరు కాడు గనుక. ఇద్దరూ మళ్లీ చెరొక కారవాన్‌లో ఉన్నారని, జూనియర్ ఆర్టిస్టులను వరసగా నిలబెట్టి చూశానని, ఎవరి భుజంలోనూ ఫీల్ లేదని వాపోయారు. రేపు పొద్దున రాగలరా అన్నారు.

నేను విధివశాత్తూ మరణించి ఉన్నానని గుర్తుచేశాను. ముఖమే గదండీ పోయింది, భుజానికేమైంది అన్నారు.

సెప్టెంబర్ 12, సాయంత్రం, సెట్

మృతుడు విధులకు హాజరు. ఉదయం పీట ఎక్కాడు. మధ్యాహ్నం నుంచి మోకాళ్లు వంచి ఉన్నాడు.

ఎపిసోడ్ అయిపోయిన వేళకు మా ఆవిడ ఫోన్ చేసి ఒక్క మాట చెప్పి పెట్టేసింది. అమ్మ పడుకుంది.